రెండు వేళ్ల వాలు

ఎవరి ఇంటికి వాళ్లు తాపీ పట్టకూడదు. అది పేదలకు ఇళ్లు కట్టించే సంస్థవాళ్ల మొదటి రూలు. ఇల్లు కావాలన్న కుటుంబం నాలుగు వందల గంటలు ఒళ్లు వంచాలి. అదీ తన ఇంటి దగ్గర కాదు, పక్కవాళ్ల ఇళ్ల దగ్గర. తన ఇల్లేమో మిగతా కుటుంబాలూ, శనివారం శనివారం పసుపు టోపీలు పెట్టుకుని వచ్చే ఆఫీసువాళ్లూ కలిసి కట్టిపెడతారు. ఇదివరకు ఒకాయన మంచి ఇటుకలన్నీ ఏరి తన గోడకు పేర్చుకుని, ముక్కలన్నీ పక్కింటికి తోశాడట. అప్పటినుంచీ ఈ కట్టడి.

కుట్టుపని చేసుకునే ఆవిడకో, ఆటో తోలేవాడికో ఈ రూలు వల్ల పోయేదేమీ లేదు. మేస్త్రికి మాత్రం అది గొంతులో ముల్లయింది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఊళ్లోవాళ్ల గోడలు లేపుతున్నాడు. తన పెళ్లాం, కూతురు, అత్తగారితో ఉండేది మాత్రం ఒంటిగది అద్దెకొంప. అందులో ఒకళ్లు బట్టలు మార్చుకోవాలంటే మిగిలిన ముగ్గురూ గోడవైపు తిరిగి నిలబడాలి. వానాకాలం పైకప్పు కారుతుంటే కూతురు పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని చదువుకునేది. ఈ ఇళ్ల పని ఆఖరుకొచ్చేసరికి ఆ గది కూడా నెలాఖరుకు ఖాళీ చేసి ఇమ్మన్నారు. పై అంతస్తు వేస్తారట. ఆ పని కూడా ఇతన్నే చెయ్యమన్నారు. అడిగినవాడికి సిగ్గు లేదు, ఒప్పుకున్నవాడికి గతి లేదు.

పన్నెండు ఇళ్ల వరస. మేస్త్రిది పన్నెండోది.

పని తెలిసినవాడు దరఖాస్తు పెట్టుకోవడం సంస్థవాళ్లకు లాటరీ తగిలినట్టయింది. పసుపు టోపీలకు పని నేర్పమన్నారు. మొదటి రెండు శనివారాలు మేస్త్రి ఒళ్లు దాచుకోకుండానే నేర్పాడు. సిమెంటు మాలు ఎంత పలచన ఉండాలి, దారం ఎలా లాగాలి, అతుకు మీద అతుకు పడకుండా ఇటుకలు ఎలా మార్చి పేర్చాలి, అన్నీ. మూడు వరసలకోసారి గుండు వెయ్యండి అని మరీ మరీ చెప్పాడు. దారానికి వేలాడే ఆ ఇనుప గుండు అతని మేనమామది. గోడ నిలువుగా లేచిందో లేదో చెప్పేది అదే.

నేర్చుకున్నవాళ్లు మళ్లీ వస్తే కదా! ఈ వారం ఇన్సూరెన్సు ఆఫీసు, వచ్చే వారం ఇంకేదో. వచ్చినవాళ్లు మూడు ఇటుకలు పెట్టి ఆరు ఫోటోలు దిగేవాళ్లు. మధ్యాహ్నం భోజనాల తర్వాత తాపీ కంటే ఫోనే ఎక్కువ ఆడేది. నిక్కచ్చిగా చెయ్యమంటే సాయంత్రానికి నాలుగు వరసలు కూడా లేచేవి కావు. వరస లేచినా లేవకపోయినా మేస్త్రి లెక్కలో పడేవి అవే ఎనిమిది గంటలు. మూడో ఇంటి దగ్గరికి వచ్చేసరికి అతనికి విసుగు పుట్టింది. ఆ ఇల్లు ఇస్త్రీ బండి ఆయనది.

"గుండు వేసి చూడమంటారా మేస్త్రి గారూ?" అని అడిగాడు అప్పుడొక కళ్లజోడు కుర్రాడు. ఇన్సూరెన్సు ఆఫీసువాడు. అందరిలోకీ వాడొక్కడే ప్రతి శనివారం వచ్చేవాడు.

"అక్కర్లేదు బాబూ. పూతలో పోతుంది."

కాస్త వంకరున్నా పైన వేసే సిమెంటు పూత కప్పేస్తుందని. ఆ మాట అన్నప్పుడు మేస్త్రి మనసులో ఉన్నది ఒక్కటే. ఈ ఇల్లు మనది కాదుగా.

పసుపు టోపీలకు ఆ మాట భలే నచ్చింది. ఎవరి చొక్కా మీద పులుసు ఒలికినా "పూతలో పోతుంది" అనేవాళ్లు. ఎవడైనా తాపీ కాలిమీద జారవిడుచుకున్నా అదే మాట, అదే నవ్వు. మేస్త్రి కూడా నవ్వేవాడు. అలా నాలుగూ, అయిదూ, ఆరూ, చివరికి పదకొండు ఇళ్లు లేచాయి.

పన్నెండోది లేస్తున్నప్పుడు మేస్త్రి పదకొండో ఇంట్లో పూత పని మీద ఉన్నాడు. ముందు గోడ కనిపించేది. దాన్ని చూసి పర్లేదనుకున్నాడు. వెనక గోడ కనిపించదు. మూడు శనివారాలు చూపు తిప్పుకుని పని చేశాడు. నాలుగో శనివారం భోజనాల వేళ అందరూ తినడానికి వెళ్లగానే, గుండు జేబులో వేసుకుని తన ఇంట్లోకి వెళ్లాడు. దొంగ తన కొంపకే కన్నం వెయ్యడానికి వెళ్లినట్టు అనిపించింది.

వెనక గోడ శ్లాబు మట్టానికి లేచిపోయింది. పరంజా ఎక్కి, దారం పైవరసకు ఆనించి గుండు వదిలాడు. గుండు కాసేపు ఊగి నిలబడింది. దిగి వచ్చి గోడ మొదట్లో చూశాడు. దారానికీ గోడకూ మధ్య రెండు వేళ్లు దూరాయి. దూరిన తర్వాత కూడా కాస్త సందు మిగిలింది.

గోడ గదిలోకి వాలి ఉంది.

"బాగా వచ్చింది కదూ మేస్త్రి గారూ?" వెనకనుంచి కళ్లజోడు కుర్రాడి గొంతు. వాడి ముక్కు మీద కూడా మాలు అంటుకుంది. "మీ ఇల్లని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఈ గోడ మొత్తం నేనే పెట్టాను."

"గుండు వేశావా బాబూ?"

"లేదండీ. ఎందుకు, ఏమైనా తేడానా?" అని దారం వంక చూసి, వెంటనే తేలిగ్గా నవ్వేశాడు. "ఓ, అదా! పూతలో పోతుంది లెండి."

మేస్త్రి వాణ్ని తిడదామనుకున్నాడు. తిట్టినా అది ఎవరికి తగులుతుంది?

అక్కడినుంచి నేరుగా సంస్థ సూపర్వైజరమ్మ దగ్గరికి వెళ్లాడు. రేకుల షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో కాగితాలు తిరగేస్తోంది. పాపం, చెడ్డ మనిషి కాదు. పన్నెండు కుటుంబాల గోల, వంద మంది టోపీల గోల ఆమె నెత్తిమీదే.

"అమ్మా, మా వెనక గోడ వాలింది. ఒక్క మూడు రోజులు నన్ను వదిలెయ్యండి. కిటికీ దాకా దింపి మళ్లీ లేపేస్తాను."

"మీ ఇంటికి మీరా? రూలు తెలుసుగా మేస్త్రి గారూ. మీకు ఒప్పుకుంటే రేపు అందరూ నా మీద పడతారు."

"పోనీ ఇంజనీరు గారిని పిలిపించండి."

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. "పిలుస్తాను. ఫోను చెయ్యడం ఎంతసేపు? కానీ ఆయన వస్తే మీ గోడ ఒక్కటే చూసి పోడు. ఒకచోట తప్పు రాస్తే వరస మొత్తం చూడాలి, అది వాళ్ల పద్ధతి. పన్నెండు ఇళ్లూ ఆగుతాయి. దాతలకు ఈ ఏడాది ఇదే ఆఖరు వరస. వచ్చే ఏడాది ఏ ఊరో, ఏమో! చేరినవాళ్లకు ఇల్లయినా ఉంది, మధ్యలో మిగిలిపోయేది మీరే." కాగితాలు పక్కన పెట్టింది. "ఇంతకీ పడిపోతుందంటారా? నాకు తెలీదు. మీరు చెప్పండి. మీరు పడుతుందంటే ఇప్పుడే చేస్తాను."

ఇదే మేస్త్రి అనుకోనిది. కాదు పొమ్మంటే తిట్టుకుంటూ పోయేవాడు. ఆమె మాత్రం బంతి తెచ్చి అతని ఒళ్లోనే వేసింది.

పడుతుందా? రేపు పడదు. నెత్తిన శ్లాబు కూర్చుంటే పదేళ్లు నిలబడొచ్చు, ముప్పై ఏళ్లు కూడా నిలబడొచ్చు. ఏదో ఒక వానాకాలం పునాది నానితే నిలబడకపోనూవచ్చు. ఇరవై తొమ్మిదేళ్ల పనిలో ఇంతకంటే తెలిసింది లేదు. ఇంజనీరు వస్తే మొదట అడిగేది కూడా తెలుసు: వీళ్లకు పని నేర్పిందెవరు?

"సోమవారం చెబుతాను" అని వచ్చేశాడు.

ఇంటికి వెళ్లేసరికి భార్య గిన్నెలన్నీ బోర్లించి పాత దుప్పటిలో మూట కడుతోంది. గది ఖాళీ చెయ్యడానికి ఇంకా మూడు వారాలుంది. అప్పుడే మూట!

"వెనక గోడ లేచిందటగా? కుట్టుపని ఆవిడ చెప్పింది. ఏమండీ, ఆ గోడ పక్కన పిల్లకు మంచం వేద్దాం. అటు ఎండ పడదు, చల్లగా ఉంటుంది."

మేస్త్రి చెంబెడు నీళ్లు గటగటా తాగాడు.

"మాట్లాడరేం?"

"అలిసిపోయాడు, వదిలెయ్యవే" అంది అత్తగారు మూలనుంచి. అతని భార్యను ఆపి తను అందుకుంది. "ఊరందరికీ మేడలు కట్టిన చెయ్యి, సొంత ఇంటికి వచ్చేసరికి ఇసుక జల్లించింది. నాయనా అల్లుడూ, నీ జాతకం రాసినవాడికి తాపీ ఎటు పట్టుకోవాలో తెలియదనుకుంటా."

కూతురు పకపకా నవ్వింది. భార్య కూడా నవ్వింది. ఆ గదిలో నలుగురూ కలిసి నవ్వి ఎన్నాళ్లయిందో! గోడ సంగతి చెబుదామనుకున్న మేస్త్రి లేచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఆదివారం పొద్దున ఇస్త్రీ ఆయన ఇంటికి బయల్దేరాడు. వాళ్లు చేరి నాలుగు నెలలయింది. ఎందుకు వెళ్తున్నాడో కాళ్లకే తెలుసు.

"రా అన్నా, రా! కట్టినాయన వచ్చాడు, టీ పెట్టవే" అని లోపలికి కేకేశాడు ఇస్త్రీ ఆయన. వెనక గదిలో గోడకు ఆనించి బల్ల వేసుకున్నాడు. బల్ల మీద ఇస్త్రీ పెట్టె, పక్కన మడతపెట్టిన చొక్కాల దొంతర, బల్ల కింద చాప మీద ఏడాది పిల్ల నిద్రపోతోంది. "ఎండలో బండి తోసే బాధ తప్పింది. ఇక్కడే ఇస్త్రీ చేసుకుంటున్నా. నీళ్లు కారవు, గాలి దూరదు. నీ చేతి గోడ అన్నా ఇది! లారీ గుద్దినా కదలదని అందరికీ చెబుతుంటా."

ఆయన టీ తేవడానికి వెళ్లగానే మేస్త్రి జేబులోంచి గుండు తీశాడు. బల్ల ఎక్కి, పూత మీదనుంచే వదిలాడు. మూడు వేళ్లు. పైన మూలలో క్యాలెండరు పక్కకు జరిపితే వెంట్రుకంత బీట, శ్లాబు దగ్గర మొదలై జానెడు కిందికి దిగింది.

"అదా? పూత ఎండితే గీతలు పడతాయటగా" అన్నాడు ఇస్త్రీ ఆయన గ్లాసులతో వస్తూ. "నువ్వేగా చెప్పావు అప్పట్లో."

"అవును" అన్నాడు మేస్త్రి. "పడతాయి." ఇప్పుడు ఇంజనీరును పిలిస్తే ముందు ఖాళీ చేయించేది ఈ గదినే. ఈ బల్లనీ, ఆ చాపనీ. పిలవకపోతే అవి ఆ గోడ కిందే ఉంటాయి. టీ ఎలా ఉందని అడిగితే బాగుందన్నాడు. తాగిన రుచే తెలియలేదు.

"బల్ల ఆ పక్కకు జరుపుకో. వెలుతురు బాగుంటుంది" అన్నాడు వెళ్తూ వెళ్తూ.

"ఇక్కడే ప్లగ్గు ఉందన్నా."

సోమవారం షెడ్డుకు వెళ్లాడు. సూపర్వైజరమ్మ ఫోను చేతిలో పట్టుకునే ఉంది.

"ఏమంటారు మేస్త్రి గారూ?"

"ఏం కాదమ్మా. నేనే కంగారు పడ్డాను."

ఆమె ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఆ శనివారమే పన్నెండో ఇంటికి శ్లాబు వేశారు. శ్లాబు కూర్చున్న తర్వాత ఆ గోడను ముట్టుకునేవాడు ఇక లేడు.

తాళాలిచ్చే రోజున ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇల్లు తనిఖీ చేసుకుని తృప్తిగా తీసుకుంటున్నాననీ, పదేళ్ల దాకా ఏ గోడా పగలగొట్టననీ. అంతకుముందు మిగతావాళ్లు తమ కాగితాల మీద చదవకుండానే పెట్టారు. మేస్త్రి బడి మానేసింది ఆరో తరగతిలో. అయినా కూడబలుక్కుని మొత్తం చదివి పెట్టాడు. తర్వాత పసుపు టోపీలందరూ అరచేతులు రంగుల్లో ముంచి వెనక గోడకు లోపలివైపు అద్దారు. జ్ఞాపకమట. ఏటా వచ్చి చూసుకుంటారట. కళ్లజోడు కుర్రాడు అందరికంటే పైన, నీలం రంగులో, రెండు చేతులూ అద్దాడు.

"రెండు మాటలు చెప్పండి మేస్త్రి గారూ" అని మైకు అందించారు.

మేస్త్రి గోడవైపు చూశాడు. ముప్పై నలభై అరచేతులు, ఎరుపూ ఆకుపచ్చా నీలం. గదిలోకి వాలుతున్న గోడను అందరూ కలిసి వెనక్కి నెడుతున్నట్టు ఉంది. "అందరికీ దణ్ణాలు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఎంత నిగర్వి అనుకున్నారు.

చల్లగా ఉండే ఆ వెనక గోడ పక్కన పిల్ల మంచం పడలేదు. అక్కడ మేస్త్రి తన పక్క వేసుకున్నాడు. భార్య రెండు రోజులు మొహం మాడ్చుకుంది. "కన్నకూతురికి చల్లగాలి కూడా ఓర్వలేని తండ్రిని చూశాను" అంది అత్తగారు.

రెండు నెలలకు పాత కంట్రాక్టరు ఫోను చేశాడు. వేరే ఊళ్లో పెద్ద పని, ఏడాది పాటు, ఉండడానికి చోటూ భోజనమూ వాళ్లదే. భార్య పక్కనే నిలబడి వింది.

"రాలేనండీ" అన్నాడు మేస్త్రి.

"ఇంత మంచి పని కాలదన్నుకుంటారా? ఎందుకు వెళ్లరు?" అంది భార్య, ఫోను పెట్టగానే.

"ఇల్లు వదిలి ఎక్కడికి పోతాం!"

"అద్దెకొంపలో ఉన్నప్పుడు నెలల తరబడి పోయేవారుగా! సొంతిల్లు వచ్చాక కాళ్లు పడిపోయాయా?"

"వానాకాలం వస్తోంది" అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో ఆమె చాలాసేపు అడిగి, విసిగి, ఊరుకుంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే గుండు దారం చుట్టుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. ముందు తన గోడకు వేశాడు. రెండు వేళ్లు, ఆ పైన అదే కాస్త సందు. తర్వాత వరస చివరినుంచి నడుచుకుంటూ పోయి ఒక్కో తలుపూ తట్టడం మొదలుపెట్టాడు. ప్రతి ఆదివారం ఇదే పని. మా మేస్త్రి గారు ఎంత మంచివాడు, ఇల్లు కట్టి ఊరుకోకుండా వారం వారం వచ్చి యోగక్షేమాలు అడుగుతాడు అని వరసంతా చెప్పుకుంటారు.

మూడో ఇంటి తలుపు దగ్గర ఆగాడు. లోపల పిల్ల ఏడుస్తోంది, ఇస్త్రీ పెట్టె బల్లకు తగిలిన చప్పుడు.

"ఎవరూ?"

"నేనే, మేస్త్రిని. ఊరికే, చూసిపోదామని."