ఉప్పులేని నాటి మెప్పు

వెంకటనర్సమ్మకు తన చేతివంట మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. చిట్యాల బస్టాండు పక్కన ఆమె నడిపిన హోటల్‌కు బోర్డు లేదు, అద్దాల బీరువా లేదు. నాటుకోడి పులుసు, జొన్నరొట్టె, ఆదివారమైతే మటన్, అంతే. పత్తి బండ్లవాళ్లు, కరెంటాఫీసు వాళ్లు, మొగుళ్లపల్లి నుంచి పని మీద వచ్చినవాళ్లు తల వంచుకుని తిని, చెయ్యి కడుక్కుని పోయేవాళ్లు. రొట్టె మాడిన రోజు మాత్రం ప్రతి బల్ల నుంచీ తిట్లే. బాగుందని ఒక్కడూ అనేవాడు కాదు. అనకపోతే ఏం, రేపు మళ్లీ వాడే వస్తాడని ఆమె ధీమా. కానీ మనిషన్నాక ఆ మాట ఒక్కసారైనా చెవిన పడాలని ఉండదా? మొగుడు ఉప్పలయ్యను అడిగి చూసేది. "తిన్న కదనే" అని ఆయన మూతి తుడుచుకునేవాడు.

ఆమెకు పనిలో ఒక పట్టింపు ఉంది. పొయ్యి మీదున్నదాన్ని రుచి చూడదు. చిన్నప్పటి నుంచి బోనాలకూ పెద్దల పండుగలకూ వండిన చెయ్యి అది. దేవుడికో పెద్దలకో పెట్టకముందే నాలుక మీద వేసుకుంటే ఎంగిలి. హోటల్లో ఆ నియమం అవసరం లేదు. అయినా చెయ్యి మారలేదు. ఉప్పు రెండుసార్లు వేసేది. ముందు కొంచెం, దించే ముందు పులుసు ఆవిరిని ముక్కు నిండా పీల్చి మిగతాది. ఉప్పుకు వాసనేమిటని నవ్వినవాళ్లు ఉన్నారు, తిన్నాక వాళ్లే నోరు మూసుకున్నారు.

ఏదీ మాడని రోజున కూడా ఆ వంటకు వంక పెట్టగల మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. ఉప్పలయ్య అక్క, మహబూబాబాద్‌లో ఉండే ఎల్లక్క. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, కోడిని ఒకసారి కత్తితో చంపావు, మళ్లీ మసాలాతో ఎందుకు చంపావని మరదలి మొహం మీదే అనేది. వెంకటనర్సమ్మ వారం పాటు ఆమెతో మాట్లాడేది కాదు. ఆ వారంలోనే మసాలా తగ్గించేది.

అలా సాగుతుండగా రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి హోటల్ ముందరి రేకులు పీకేశారు. వెనక గది మిగిలింది. దాన్నే బాగుచేసుకుని నడుపుదామా, ఇక చాలిద్దామా అని మొగుడూ పెళ్లాలు తేల్చుకోలేకపోతున్న సమయానికి ఆమె తమ్ముడు భాస్కర్ జనగామ నుంచి కారులో దిగాడు.

జనగామ దాటాక హైదరాబాద్ రోడ్డు మీద కొత్తగా వెలసిన పార్కులో హోటల్ నడుపుతున్నాడు భాస్కర్. గేటు దగ్గర మనిషికి మూడింతల ఎత్తు గంగిరెద్దు బొమ్మ, లోపల మోటారు. వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ సరే సరే అని తల ఊపుతూనే ఉంటుంది. లోపల రంగులరాట్నం, నీళ్ల జారుడుబండ, సిమెంటు తాటిచెట్లు, సిమెంటు గుడిసెలు. సిమెంటు బావికి గిలక ఉంది, చేద ఉంది, నీళ్లు లేవు. పొద్దంతా మైకులో డప్పు దరువు. ఎడ్లబండ్లకు చక్రాలు పీకి వాటి మీద బల్లలు వేశారు, తినేవాళ్లు వాటిపైకి ఎక్కి కూర్చోవాలి. ఊరి నుంచి వచ్చినవాడికి నవ్వొస్తుంది, ఊరు చూడనివాడికి కడుపు నిండుతుంది.

నెల రోజులు వచ్చి వండిపెట్టమన్నాడు తమ్ముడు. నచ్చితే అక్కడే ఉండిపోవచ్చనీ, చిట్యాల గదిని సెల్‌ఫోన్ల షాపువాడు అడుగుతున్నాడు కాబట్టి వాడికి ఇచ్చేయవచ్చనీ అన్నాడు.  వెంకటనర్సమ్మ బట్టలు సర్దుకుంది.

మొదటి రోజే ఒక పిల్ల వచ్చి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి ఫోటో దిగింది. నాయనమ్మ చేతి వంట గుర్తొచ్చిందని చెప్పింది. ఆ పిల్ల నాయనమ్మ ఎన్నడూ పొయ్యి ముట్టలేదని పక్కనే ఉన్న తల్లి అంది, అది వేరే సంగతి. మర్నాడు ఇంకొందరు. తినడం కన్నా ముందే అద్భుతం అనేవాళ్లు కొందరు, ఫోటో తీసుకుని తినడం మరిచిపోయేవాళ్లు కొందరు. భాస్కర్ పెళ్లాం కల్పన ఆమె బొమ్మతో ఫ్లెక్సీ కొట్టించి గేటుకు కట్టింది. వెంకటనర్సమ్మ రోజూ పొద్దున ఏదో పని ఉన్నట్టు గేటు దాకా వెళ్లి దాన్ని చూసుకుని వచ్చేది. ఇన్నేళ్లు చెవిన పడని మాట ఇప్పుడు చెవులు దిబ్బడ వేసేంతగా పడుతుంటే ఎవరు మాత్రం మురవరు? గదిని షాపువాడికి ఇచ్చేద్దామని ఫోనులో మొగుడితో రెండుసార్లు అంది. ఆయన సరే అనలేదు, కాదనలేదు. ఇంట్లో తానే వండుకుంటున్నానని మాత్రం చెప్పాడు.

ఒక ఆదివారం ఆమెకు పడిశం పట్టింది. ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయింది. పులుసు ఉడుకుతుంటే వంగి పీల్చింది, ఏమీ తెలియలేదు. కాసేపాగి చూద్దామని రొట్టెల పెనం వైపు తిరిగింది. జనం తోసుకొస్తున్నారని వడ్డించేవాళ్లు గిన్నెలు ఎత్తుకుపోయారు. రెండో ఉప్పు పడనే లేదు. ఆ సంగతి ఆమెకు గుర్తే రాలేదు.

మధ్యాహ్నమంతా ఎప్పటిలాగే మెప్పులు. చలువ కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకున్న ఒకావిడ ప్రత్యేకంగా వంటగది దాకా వచ్చి, ఎంత స్వచ్ఛంగా ఉంది, ఊళ్లలో ఇలాగే తింటారు కాబోలు, మనమే నోరు పాడు చేసుకున్నాం అని చెయ్యి పట్టుకుని మరీ చెప్పి వెళ్లింది. అందరూ వెళ్లాక, పొద్దు వాలుతుండగా, వెంకటనర్సమ్మ మిగిలిన పులుసు అన్నంలో పోసుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది.

సప్పటి గడ్డి.

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అన్నదట ఉప్పు. ముద్ద మింగలేక, ఉమ్మలేక అలాగే కూర్చుంది. పులుసు చెడినందుకు కాదు, ఎంత పెద్ద వంటవాళ్లకైనా ఒకనాడు చెడుతుంది. చెడిందని ఇంతమందిలో ఒక్కరూ చెప్పలేదు. ఉప్పు లేని నాడు ఈ మెప్పే అయితే, ఉప్పు ఉన్న నాటి మెప్పు దేనికి? నెల రోజులుగా తాను మూటగట్టుకున్నదంతా గాలి. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది.

భాస్కర్‌ను పిలిచి తినమంది. వాడు తిని, కొంచెం సప్పగుందని ఒప్పుకున్నాడు, ఒప్పుకుని నవ్వాడు.

"వచ్చెటోళ్లు తినెటందుకు వస్తలేరక్కా, ఆడెటందుకు వస్తున్నరు. డప్పు సప్పుడు, పచ్చగడ్డి, పిల్లల నవ్వులు. గదే వాళ్లకు ఉప్పు. నువ్వు పరేషాన్ గాకు."

కల్పన అంతకన్నా తెలివైనది. "జాతరల మాడిన కోడి తిన్నా కమ్మగుంటది గద వదినె, గదీ అబద్ధమేనా?" అంది.

 నిజమే, మేడారంలో మూడు రాళ్ల మీద సగం ఉడికిన కోడిని దుమ్ములో కూర్చుని తిని వేళ్లు నాకిన మనిషే వెంకటనర్సమ్మ. అది అబద్ధం కాదు. కానీ జాతర రెండేళ్లకొకసారి వస్తుంది. రోజూ జాతరే అయితే వండే చెయ్యి బాగుందో పాడైందో ఎవరు చెబుతారు? ఆ మాట అప్పుడు తోచలేదు, పడుకున్నాక తోచింది.

తెల్లవారి ఎల్లక్కకు ఫోను చేసి జరిగినదంతా చెప్పింది. జ్వరంతో మూలుగుతూ కూడా ఎల్లక్క పగలబడి నవ్వింది.

"నువ్వొచ్చి వండు. తిని నేను జెప్త నీ చెయ్యి ఉన్నదో పోయిందో."

పడిశం తగ్గగానే వస్తానని వెంకటనర్సమ్మ మాటిచ్చింది. పడిశం తగ్గింది. బయలుదేరేలోపే ఎల్లక్క పోయిందని కబురు వచ్చింది.

దినం వంట ఆమె మీద పడింది. ఎల్లక్క కొడుకు జితేందర్ బోడిగుండుతో వచ్చి, అత్తా, మా అవ్వకు నీ చేతి మటన్ అంటే ఇష్టం, నువ్వే వండాలన్నాడు. ఇష్టమని ఎల్లక్క తన ముందు ఎన్నడూ అనలేదు. మహబూబాబాద్‌లో ఆ ఇంటి పెరట్లో పెద్ద గుండిగ ఎక్కించింది వెంకటనర్సమ్మ. భాస్కర్ కూడా వచ్చాడు. దినం కాగానే షాపువాడికి మాటివ్వాలనీ, ఆమెను అట్నుంచి అటే కారులో జనగామ తీసుకుపోతాననీ ముందే చెప్పి ఉంచాడు. ఇంకా ఆలోచిద్దామంటే గది అడిగినవాడు చేజారుతాడో, పార్కు చేజారుతుందో. ఆ పూటకు తేల్చుకోవాలి.

మటన్ ఉడుకుతోంది. వంగి ఆవిరి పీల్చింది. ఇంకొంచెం ఉప్పు వేస్తే చాలని ముక్కు చెప్పింది. ఆమె నమ్మలేదు. మళ్లీ పీల్చింది. జీవితంలో మొదటిసారి గరిటె అంచున కాస్త తీసుకుని నాలుక మీద వేసుకోవాలని చెయ్యి లాగింది. కానీ పిట్టకు పెట్టనిదే, అంటే చనిపోయిన మనిషి పేరిట విస్తరి వేసి కాకి ముట్టనిదే, ఎవరూ ముట్టరాదు. అదీ ఎల్లక్క విస్తరి. ఆమెకు ఎంగిలి పెట్టడమా? గరిటె కింద పెట్టేసింది. ఉప్పు గుప్పిట్లో పట్టుకుని అటూ ఇటూ కానట్టు నిలబడింది. చివరికి ముక్కు చెప్పినంతే వేసి, మిగతాది డబ్బాలో పోసి మూత పెట్టింది. 

కాకి తొందరగానే వచ్చి ముట్టింది. చుట్టాలంతా ఊపిరి పీల్చుకున్నారు. వెంకటనర్సమ్మ పీల్చుకోలేదు. కాకి పార్కులో కూడా తింటుంది.

మొదటి బంతి కూర్చుంది. చావింట్లో తిండికి పద్ధతులుంటాయి. బాగుందనకూడదు. మళ్లీ వడ్డించమని అడగకూడదు. నవ్వకూడదు. అక్కడ డప్పు లేదు, గడ్డి లేదు, ఫోటోలు లేవు. కొత్త దండ వేసిన ఎల్లక్క ఫోటో ఒక్కటే ఉంది, అందరూ దాని వైపు చూడకుండా చూస్తున్నారు. పక్క గదిలో ఎవరో ఆడమనిషి సన్నగా ఏడుస్తోంది. పంచభక్ష్యాలు పెట్టినా గొంతు దిగని చోటు అది. అక్క పోయిన నాటి నుంచి ఉప్పలయ్య సరిగా తిన్నది లేదు. ఆయన పక్కన జితేందర్ విస్తరాకు కేసి చూస్తూ అన్నం కలుపుతున్నాడు. వెంకటనర్సమ్మ పందిరి గుంజ పట్టుకుని నిలబడి చూసింది. ఎవరి మొహంలోనూ ఏమీ తెలియలేదు. నమలడం, మింగడం, అంతే.

విస్తరాకులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. రెండో బంతివాళ్లు గోడ వారగా నిలబడి ఎదురుచూస్తున్నారు. ఎవరూ లేవలేదు.

ఆమెకు ముందు అర్థం కాలేదు. ఏదైనా మరిచిపోయానా, నీళ్లు పోయలేదా అని చుట్టూ చూసింది. ఒక ముసలాయన వేలితో ఖాళీ విస్తరాకు తుడుస్తున్నాడు. జితేందర్ తల దించుకుని కూర్చున్నాడు. ఉప్పలయ్య చెయ్యి విస్తరాకులోనే ఉంది. అప్పుడు తెలిసింది. అడగలేరు. లేవలేరు.

బకెట్ అందుకుని బంతి మొదటికి పోయింది. ఎవరినీ అడగకుండా పోసుకుంటూ వచ్చింది. మర్యాదకైనా చాలంటూ విస్తరాకు మీద చెయ్యి అడ్డం పెడతారు ఎవరైనా. ఒక్కరూ పెట్టలేదు. బంతి చివర భాస్కర్ ఉన్నాడు. రోజుకు పదిసార్లు సూపరక్కా అనే భాస్కర్. ఆమె గరిటె ఎత్తి పట్టుకుని, వంగి, వాడికి మాత్రమే వినబడేటట్టు అడిగింది.

"ఎట్లున్నది తమ్మీ?"

వాడు అటూ ఇటూ చూశాడు. "గిక్కడ గట్ల అడుగుతరా అక్కా?" అన్నాడు మెల్లగా. అని, విస్తరాకు కొంచెం ముందుకు జరిపాడు.

ఆమెకు సంతోషం కలిగింది. చావింట్లో సంతోషం కలిగినందుకు సిగ్గేసింది. పెరట్లోకి పోయి, గుండిగ చాటున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అన్ని రోజులుగా రాని ఏడుపు ఎల్లక్క కోసం ఏడ్చింది. రెండో బంతి కూడా లేచాక గుండిగ అడుగున చెంచాడు మిగిలింది. వేలు పెట్టి నాకింది. ఉప్పు సరిగ్గా ఉంది. మసాలా కాస్త ఎక్కువే.

సాయంత్రం భాస్కర్ కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఉప్పలయ్య సంచి పట్టుకుని రోడ్డుకు అవతల బస్సు కోసం నిలబడ్డాడు. రమ్మని ఆయన పిలవలేదు. వెంకటనర్సమ్మ కారు దాకా వచ్చి ఆగింది. చిట్యాల గదిని ఎవరికీ ఇవ్వడం లేదనీ, రేకులు తానే వేయించుకుంటాననీ చెప్పింది. భాస్కర్ ముందు నమ్మలేదు, తర్వాత నొచ్చుకున్నాడు.

"గాడ నిన్ను మెచ్చుకునేటోడు ఎవడున్నడక్కా?"

"ఎవడు లేడు. సప్పగైతే మొఖం మీద తిట్టెటోళ్లున్నరు. ఎల్లక్క పాయె. ఇగ నాకు వాళ్లే దిక్కు."