వేడి గుడ్డ

ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. అందరికీ ఆమె అప్పజెప్పులమ్మ. ఏళ్ళ తరబడి వార్డులో నర్సుగా చేసి, మందులు తానే రాసే అర్హత కోసం మళ్ళీ పుస్తకాలు పట్టిన మనిషి. ఆ చదువులో ఒక్క పాఠం ఆమె బుర్రకి గట్టిగా అతుక్కుపోయింది. మందు ఎలా వాడాలో చెప్పి ఊరుకోకూడదు, చెప్పింది రోగి చేత తిరిగి చెప్పించుకోవాలి. అంతే, ఇక చూస్కోండి! రోగులను వదల్లేదు, క్యాంటీన్ వాణ్ణి వదల్లేదు. ఇంట్లో మొగుణ్ణి పాలు తెమ్మని పంపుతూ, "ఏం తెమ్మన్నానో ఒకసారి చెప్పు" అనేది. "పాలు. పాలతో పాటు నా ఖర్మ" అనేవాడు ఆయన.

ఎంత నవ్వుకున్నా, ఆమె చేతి మీదుగా మందు వెళ్తే పొరపాటు జరగదని ఆసుపత్రిలో అందరికీ నమ్మకం. ఆ నమ్మకం అందరికన్నా ఆమెకే ఎక్కువ. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆమెకు పని నేర్పే సీనియర్‌ను పెద్దక్క అంటారు. మందు చీటీ ఈమె రాస్తే, పెద్దక్క చదివి సంతకం పెట్టేది. నయం కాని జబ్బులతో ఇంట్లోనే ఉన్నవాళ్ళను చూడ్డానికి ఇద్దరూ కలిసి వెళ్ళేవారు. అలా వెళ్ళిన ఇళ్ళలో ఒకటి ఇస్త్రీ పిన్నిది.

ముందుగది ఇస్త్రీ కొట్టు, వెనకగది కాపురం. కొట్టులో పొడుగాటి బల్ల, బల్ల మీద కాలి కాలి గోధుమరంగు తేలిన దుప్పటి, గోడ పొడుగునా హ్యాంగర్లకు జనం చొక్కాలు. పిన్ని మాట తక్కువ మనిషి. ఆమె బదులు కూడా మాట్లాడే బాధ్యత ఆమె మొగుడు బాబాయ్ తీసుకున్నాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి దిగినవాడు. ఆయనకున్న క్యాన్సర్ వెన్నుపూసకు పాకింది. కూర్చుంటే నొప్పి, పడుకుంటే నొప్పి. అయినా నోరు మాత్రం మూతపడలేదు.

"రండి రండి, లోపల చాలా ఖాళీ ఉంది, ముందుకు జరగండి" అన్నాడు మొదటి రోజు, ఇద్దరు నిలబడితే నిండిపోయే గదిలో. "నాకేం తొందర లేదమ్మా. టికెట్ కొట్టేశారు, బస్సే ఇంకా రాలేదు."

"ఆ మాటలు మానవయ్యా, పాపం వాళ్ళు పనిమీద వచ్చారు" అంది పిన్ని. అంటూనే ముందుగదిలోకి వెళ్ళింది. ఒక మందపాటి నూలు గుడ్డను మడతలు పెట్టి, ఇస్త్రీపెట్టెతో గట్టిగా నొక్కి, పొగలు కక్కేలా పట్టుకొచ్చింది. బాబాయ్ చొక్కా పైకెత్తి గుడ్డను వీపు మీద పరిచి, దాని మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. బాబాయ్ కళ్ళు మూతలు పడ్డాయి. అంతసేపు గలగలలాడిన మనిషి హాయిగా ఊపిరి వదిలి నోరు మూసుకున్నాడు.

"పెళ్ళయిన కొత్తల్లో మొదలుపెట్టింది" అన్నాడు కాసేపటికి. "రోజంతా బస్సులో నిలబడి వస్తే నడుము పట్టేసేది కదా. ఇది లేందే నాకు నిద్ర పట్టదు."

అప్పజెప్పులమ్మ ముచ్చటపడిపోయింది. "పిన్నీ, మా మందులకన్నా నీ చేతిలోనే ఎక్కువ మందుంది. ఇది మాత్రం మానొద్దు" అంది. పిన్ని సిగ్గుపడి నవ్వింది.

కొన్నాళ్ళకి ఆ చెయ్యీ చాలలేదు, మాత్రలూ చాలలేదు. మింగిన మాత్ర కడుపులో నిలవడం లేదు. అప్పుడు అప్పజెప్పులమ్మ బాగా ఆలోచించి ప్యాచ్ రాసింది. చర్మానికి అంటిస్తే చాలు, నొప్పి మందు కొంచెం కొంచెంగా ఒంట్లోకి దిగుతుంది. మోతాదు సరిగ్గా కట్టింది. పెద్దక్క ఒకటికి రెండుసార్లు చూసి సంతకం పెట్టింది. ఛాతీ మీదైతే బాబాయ్ గోక్కుంటాడని, వీపు పైభాగాన అంటించమన్నారు.

ఇక పాఠం. పిన్నిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చెప్పింది. పాతది తీశాకే కొత్తది అంటించాలి. కత్తిరించకూడదు. హీటింగ్ ప్యాడ్ గానీ వేడినీళ్ళ సంచి గానీ పెట్టకూడదు, పెడితే మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోతుంది. మనిషి మరీ మత్తుగా ఉన్నా, ఊపిరి మెల్లబడినా క్షణం ఆగకుండా ఫోన్ చెయ్యాలి.

"ఇప్పుడు నువ్వు చెప్పు పిన్నీ."

పిన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. ఎవరి చొక్కా ఏదో, ఎవరికి గంజి పెట్టాలో, ఎవరి ప్యాంటుకి మడత ఎక్కడ రావాలో అన్నీ తలలోనే పెట్టుకునే మనిషికి ఇదో లెక్కా! "హీటింగ్ ప్యాడ్ పెట్టకూడదు, వేడినీళ్ళ సంచి పెట్టకూడదు" అని అక్షరం పొల్లుపోకుండా అంది.

"చూశావా అప్పజెప్పులమ్మా, మా ఆవిడ ఫస్టు క్లాసు" అన్నాడు బాబాయ్.

అప్పజెప్పులమ్మకి ఒళ్ళు పులకరించింది. తన చదువు మొత్తంలో ఇంత బాగా జరిగిన పాఠం లేదనుకుంది.

ప్యాచ్ పనిచేసింది. బాబాయ్ కొట్టు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేంత వరకు వచ్చాడు. బట్టలు తెచ్చినవాళ్ళను ఆటపట్టించేవాడు, పిన్ని తిట్టేది. "ఈ మనిషి మళ్ళీ వాగుతున్నాడమ్మా!" అని ఫోన్లో చెబుతుంటే పిన్ని గొంతులో సంతోషం దాగలేదు. ఎన్ని నెలలు మిగిలాయో ఎవరికీ తెలియదు గానీ, మిగిలినవి ఇలా గడిస్తే చాలని ముగ్గురూ అనుకున్నారు.

అంతలో ముసురు పట్టింది. చలి ఎముకల్లోకి దిగింది. మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది.

"అమ్మా, ఆయన లేవడం లేదు. ఊపిరి మెల్లగా తీస్తున్నాడు. మెల్లగా తీస్తే వెంటనే ఫోన్ చెయ్యమన్నావు కదా, చేస్తున్నా" అంది పిన్ని. ఆ కంగారులో కూడా పాఠం అప్పజెప్పింది.

అంబులెన్సు సమయానికే చేరింది. ఆసుపత్రిలో ప్యాచ్ పీకేసి విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చారు. బాబాయ్ కళ్ళు తెరిచాడు. ఆ విరుగుడు ఒంట్లో ఉన్న నొప్పి మందునంతా ఒక్కసారిగా పనిచెయ్యకుండా చేస్తుంది. బాబాయ్ అరిచిన అరుపుకి పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. పిన్ని గోడకు అంటుకుపోయింది.

అప్పజెప్పులమ్మ మోతాదు మళ్ళీ లెక్క కట్టింది, తప్పు లేదు. అంటించింది ఒక్కటే ప్యాచ్, అదీ సరైన చోటే. మరి ఎలా? పిన్ని పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "నిన్న ఏమేం చేశావో చెప్పు పిన్నీ."

"ఏం చేస్తానమ్మా, మామూలే. చలికి వణికిపోతుంటే గుడ్డ వేడి చేసి వేశా. చల్లారగానే మళ్ళీ వేశా. హాయిగా ఉందే, ఇంకోటి వెయ్యవే అంటుంటే వేస్తూనే ఉన్నా. అలాగే నిద్రపోయాడు."

అప్పజెప్పులమ్మ చప్పున లేచింది.

నడవాలోకి వచ్చి పెద్దక్కకి చెప్పింది. "వేడి పెట్టకూడదని చెప్పానక్కా. ఆమె తిరిగి చెప్పింది కూడా."

"ఏమని చెప్పావు?"

"హీటింగ్ ప్యాడ్, వేడినీళ్ళ సంచి..."

"వాళ్ళింట్లో అవి ఉన్నాయా?"

లేవు. ఆ ఇంట్లో ఉన్నది ఇస్త్రీపెట్టె, నూలు గుడ్డ, రెండు చేతులు. వాటిని అప్పజెప్పులమ్మ కళ్ళారా చూసింది. చూసి మెచ్చుకుంది. మానొద్దంది కూడా.

"నీ మాటలు నీకే తిరిగిచ్చింది, నువ్వు మార్కులు వేశావు" అంది పెద్దక్క. "నేనూ చూశాగా ఆ గుడ్డని. నాకూ తట్టలేదు. సంతకం నాదే." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వెళ్ళి పిన్నికి చెప్పు. తప్పు మనదని ముందు చెప్పు. మిగతాది తర్వాత."

అలాగే చెప్పింది. "తప్పు నాది పిన్నీ, నీది కాదు. గుడ్డ వేడికి కూడా మందు దిగిపోతుందని నేను చెప్పలేదు" అంది, చేతులు పట్టుకుని. పిన్ని అంతా విన్నది. కోప్పడలేదు, ఏడవలేదు. కోప్పడి ఉంటే ఎంత బాగుండేదో అని అప్పజెప్పులమ్మకు చాలా కాలం అనిపించింది.

"అంటే నా చేత్తోనే జరిగిందన్నమాట" అంది పిన్ని. తన చేతులు వెనక్కి లాక్కుని, చంకల కింద పెట్టుకుంది.

అప్పటినుంచి ఆమె బాబాయ్‌ని ముట్టుకోలేదు. అన్నం కలిపి ఇమ్మంటే కలిపి ఆయాకి అందించేది. దుప్పటి జారితే నర్సును పిలిచేది. ఇంటికి తీసుకెళ్ళవచ్చని పెద్దక్క అంటే, "వద్దమ్మా, ఇక్కడైతే మీరున్నారు" అంది.

బాబాయ్ మాత్రం విరుగుడు దెబ్బకి మళ్ళీ కోలుకోలేదు. జబ్బు అప్పటికే లోపలంతా తినేసింది, ఈ దెబ్బతో ఒళ్ళు చేతులెత్తేసింది. ఇప్పుడు ప్యాచ్ లేదు, నాలుక కింద వేసే చుక్కల మందు. నొప్పి తగ్గింది గానీ నిద్ర పట్టడం లేదు. "నా గుడ్డేదీ?" అనేవాడు మగతలో. "ఏమే, గుడ్డ వెయ్యవా?" పిన్ని తల దించుకునేది. కాపురంలో ఆయన అడిగింది ఆమె కాదనడం అదే మొదలు.

అప్పజెప్పులమ్మకి ఇక ఒకటే పట్టుదల. ఆ మనిషి పోయేలోగా పిన్ని చెయ్యి ఒక్కసారైనా ఆయన వీపు మీద పడాలి. పరీక్షలు లేవు, చదువు లేదు, ఇదొక్కటే. రోజూ పక్కన కూర్చుని నచ్చజెప్పేది.

"ప్యాచ్ తీసేశాం పిన్నీ. ఆ మందు ఒంట్లోంచి ఎప్పుడో పోయింది. చుక్కల మందుకి వేడితో సంబంధం లేదు. ఇప్పుడు గుడ్డ వేస్తే ఏమీ కాదు."

"సరేనమ్మా."

"అర్థమైందా?"

"అర్థమైంది. ప్యాచ్ లేదు. ఇప్పుడు వేస్తే ఏమీ కాదు" అని పొల్లుపోకుండా అప్పజెప్పింది పిన్ని. చేతులు మాత్రం చంకల్లోంచి తియ్యలేదు.

బాబాయ్ చూపు నిలవని రోజు వచ్చింది. అప్పజెప్పులమ్మ ఉండబట్టలేక కింద లాండ్రీ గదికి పరిగెత్తింది. మందపాటి నూలు గుడ్డ ఒకటి వెతికి, మడిచి, అక్కడి ఇస్త్రీపెట్టెతో నొక్కి, గుండెలకు హత్తుకుని మెట్లెక్కి వచ్చింది. ఒక ఆయా బాబాయ్‌ని పక్కకి తిప్పి పట్టుకుంది. అప్పజెప్పులమ్మ గుడ్డ వేసింది.

"చల్లగా ఉందే" అన్నాడు బాబాయ్, కళ్ళు తెరవకుండానే. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

పిన్ని గోడ దగ్గర నుంచి కదిలి వచ్చింది. పిన్ని ఆ గుడ్డను కొసలు పట్టి పైకి లేపింది, ఆయన ఒంటికి వేలు తగలకుండా. గుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది. లాండ్రీ గదిలో ఏం చేసిందో, ఎలా మడిచిందో గానీ, తిరిగి వచ్చేసరికి గుడ్డ కొలిమిలోంచి తీసినట్టుంది. నడుస్తూనే దాన్ని చెంపకు ఆనించి చూసుకుంటోంది. ఆ చెంప ఎర్రబడి ఉంది. మంచం దాకా వచ్చి, ఇంకోసారి చెంపకు ఆనించి, తృప్తిగా తలూపింది.

"ఇప్పుడు సరిపోయింది. వెయ్యమ్మా" అని చాపింది.

"నువ్వే వెయ్యి పిన్నీ. నీ కాళ్ళు పట్టుకుంటా. ఏమీ కాదు."

"ఏమీ కాదని తెలుసమ్మా." పిన్ని గుడ్డను ఇంకాస్త ముందుకు చాపింది. "నువ్వు వెయ్యి. చల్లారిపోతోంది."

చల్లారిపోతోంది, నిజమే. బతిమాలే వ్యవధి లేదు. అప్పజెప్పులమ్మ గుడ్డను అందుకుని బాబాయ్ వీపు మీద పరిచి, పిన్ని ఎలా ఆనించేదో గుర్తు తెచ్చుకుని రెండు అరచేతులూ దాని మీద ఆనించింది. ఆయన ముఖం విప్పారింది. పట్టేసిన భుజాలు వదులయ్యాయి.

"వచ్చావా?" అన్నాడు.

అప్పజెప్పులమ్మ తల తిప్పి చూసింది. పిన్ని మళ్ళీ గోడ దగ్గరే ఉంది, చేతులు చంకల కింద పెట్టుకుని.

"ఆఁ, వచ్చా" అంది పిన్ని, అక్కడి నుంచే. "పడుకో."

ఆయన పడుకున్నాడు. అప్పజెప్పులమ్మ కన్నీళ్ళు గుడ్డ మీద పడుతున్నా తుడుచుకోలేదు, చేతులు తీస్తే ఆయనకు తెలిసిపోతుందేమోనని భయం. కిటికీ బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది స్టార్ట్ కావడం లేదు. కాసేపటికి పిన్ని దగ్గరికి వచ్చి, గుడ్డ కొసను మాత్రం రెండు వేళ్ళతో పట్టి చూసింది.

"చల్లారిందమ్మా" అంది. "ఇలా ఇవ్వు. వేడి చేసి తెస్తా, మళ్ళీ వేద్దువుగాని."