కదలని నీళ్ళు

కళ్ళజోళ్ళ దుకాణంలో, చూపు పరీక్షకు పెట్టిన అక్షరాల అట్ట పక్కనే ఆ ఫొటో వేలాడుతుండేది. దుకాణం ఆయన ఏదో పాత పత్రికలోంచి కత్తిరించి ఫ్రేము కట్టించాడు. ఆటలంటే ఓనమాలు రానివాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట చూసిన ఫొటోయే అది. ఎత్తు మీంచి ఒకమ్మాయి చేతులు బార్లా చాపి తలకిందులుగా దూకుతుంటే, కింద నీళ్ళలోంచి అచ్చం అలాంటి అమ్మాయే ఆమెకు ఎదురొస్తుంటుంది. నీళ్ళ మీద ఒక్క ముడత కూడా ఉండదు.

అలాంటిది తనూ ఒకటి తీయాలని ఆయనకు పట్టుకుంది. కెమెరా కొన్ననాటి నుంచీ ఇంట్లో పిల్లిని తీశాడు, మెట్లను తీశాడు, ఆవలిస్తున్న పెళ్ళాన్ని కూడా వదల్లేదు. ఇక మిగిలింది మరదలు. ఆ పిల్ల పుట్టిందే నీళ్ళలోకి దూకడానికి అన్నట్టు ఉండేది. వచ్చే నెలలో జట్టు ఎంపిక. చిన్నప్పటి నుంచీ ఆమె కన్న కల అదొక్కటే.

తల్లి పోయాక ఆమెను పెంచింది అక్క. పోటీలకు తిప్పింది, గెలిచినా ఓడినా గట్టుమీద నిలబడి చప్పట్లు కొట్టింది బావ. అందుకే బావ ఏదైనా అడిగితే కాదనడం ఆమెకు రాదు. అక్కకు భయమంతా అక్కడే.

ఈతకొలనుకు వారపు సెలవు. చెల్లెలు అక్కడే పిల్లలకు నేర్పుతుంది కనుక తాళాలు ఆమె దగ్గరే ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం ముగ్గురూ లోపలికి వెళ్ళారు. మందు కలిపిన నీళ్ళ వాసన ముక్కుకు గుప్పున కొట్టింది. ప్లాస్టిక్ కుర్చీలు అవతలి గోడకు దొంతరగా పేర్చి ఉన్నాయి. కొలను మూలనున్న గొట్టం నీళ్ళ మీద సన్నగా జల్లు కొడుతోంది.

"ముందు ఆ జల్లు కట్టెయ్," అన్నాడాయన పెళ్ళాంతో.

అక్క కదల్లేదు. ఆ జల్లు అందానికి పెట్టింది కాదని చెల్లెలే ఆమెకు ఎన్నోసార్లు చెప్పింది. కదలని నీళ్ళు పైనుంచి చూసేవాళ్ళకు కనిపించవు. అడుగున పరిచిన పలకలు గానీ, పైనున్న ఆకాశం గానీ కనిపిస్తాయి. గాలిలో పిల్లిమొగ్గలు వేసుకుంటూ వచ్చేవాళ్ళకు నీళ్ళెక్కడో తెలియకపోతే ముడిచిన ఒళ్ళు ఎప్పుడు విప్పాలో తెలియదు. అంత ఎత్తు నుంచి వీపు మీద పడితే నీళ్ళూ నేలా ఒకటే.

"దానికి నీళ్ళు కనపడవండీ," అంది.

"ఆ ఫొటోలో జల్లుందా? రోజూ చూస్తున్నావుగా! ఆ పిల్ల దూకలేదూ?"

ఆ పిల్ల ఎన్ని తంటాలు పడి దూకిందో, ఆ తర్వాత లేచి నడిచిందో లేదో ఫొటో చెప్పదు. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి ఆ మాత్రం తట్టలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. తనే వెళ్ళి జల్లు కట్టేసి, దాని పిడిని ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

మొదటిసారి చెల్లెలు ఎత్తు గద్దె మీంచి దూకి నీళ్ళను తాకినప్పుడు చెంప మీద కొట్టినట్టు చప్పుడైంది. పైకి వచ్చేసరికి ఎడమ భుజం ఎర్రగా కందిపోయింది. కళ్ళజోళ్ళాయన కెమెరాలో చూసుకుని నాలిక కరుచుకున్నాడు.

"ఆ చప్పుడుకి హడలి చచ్చాను. చెయ్యి వణికింది, బొమ్మంతా చెదిరిపోయింది. ఇంకొక్కసారమ్మా."

చెల్లెలు అక్క పక్కనుంచి పోతూ గొంతు తగ్గించి, "నీళ్ళు కనపడలేదక్కా. ఆకాశమే అనుకున్నా," అంది.

"ఆ మాట ఆయనతో చెప్పవేం? పోదాం పద!"

"ఒక్కసారేగా. బావ మొహం చూడు, చిన్నపిల్లాడిలా అయిపోయాడు."

రెండోసారికి మబ్బు తొలగింది. కొలను నిండా ఆకాశం పరుచుకుంది. అక్క కొలను గట్టు చివరికి వచ్చి నిలబడింది. చెల్లెలి పాదాలు పైన గద్దె అంచు వదిలిన క్షణంలో, ఏం చేస్తోందో తనకే తెలియకుండా కాలి చెప్పు తీసి కొలనులోకి విసిరింది. నీళ్ళు గుండ్రంగా కదిలాయి. చెల్లెలు సూదిలా దిగింది.

"బుద్ధుందా నీకు? బంగారంలాంటి ఫొటోలో చెప్పా!" అంటూ ఆయన రెండో చెప్పు లాక్కుని తన వెనక పెట్టుకున్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది అక్కకు. "ఇదే ఆఖరు. నీళ్ళు సర్దుకోనీ."

చెల్లెలు భుజం రుద్దుకుంటూ మళ్ళీ మెట్లెక్కింది. నీళ్ళు నెమ్మదిగా సర్దుకున్నాయి. తేలుతున్న చెప్పు కూడా ఒక మూలకు పోయి ఆగిపోయింది. అక్క చుట్టూ చూసింది. విసరడానికి చేతికందేది ఒక్కటీ లేదు. కుర్చీలు చాలా దూరంలో ఉన్నాయి.

"దూకొద్దే!" అని అరిచింది. పైన చెల్లెలు అప్పటికే చేతులెత్తి, ఊపిరి బిగించి, మరేదీ వినిపించని స్థితిలో ఉంది.

అక్కకు ఈత రాదు. మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగి ఎరగదు. చెల్లెలి మడమలు పైకి లేవగానే అక్క గట్టు మీంచి నీళ్ళలోకి దూకేసింది.

ఆ తర్వాత నోట్లో నీళ్ళు, చెవుల్లో హోరు. చెయ్యొకటి గాలిలోకి లేచి పట్టు దొరక్క మళ్ళీ మునిగింది. ఎంతసేపో తెలియదు. చివరికి చంకల కింద చెల్లెలి చేతులు తగిలాయి. గట్టు మీద పడి దగ్గుతుంటే, చెల్లెలు ఆమెను వాటేసుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"నాకేం కాలేదక్కా. తిన్నగా దిగాను. అలలు కనపడ్డాయి."

కళ్ళజోళ్ళాయన పక్కకొచ్చి కూలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ప్రాణం మీదికి తెచ్చుకున్నావు కదే! ఒక్క క్షణం నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. చెట్టంత మనిషిని కొయ్యబారిపోయాను, నమ్ము!"

అక్క నమ్మింది. నమ్మకేం చేస్తుంది, పెళ్ళాడిన మనిషి. ఆయన టవలు తేవడానికి లేచి వెళ్ళాడు. కెమెరా అక్కడే ఉంది. వెనక తెర ఇంకా వెలుగుతోంది. తడి వేలితో ఆమె దాన్ని తన వైపు తిప్పుకుంది.

ఒక బొమ్మలో చెల్లెలు గాలిలో ఉంది, కింద నీళ్ళు ముక్కలై ఉన్నాయి. తర్వాతి దాంట్లో చెల్లెలి పాదాలు మాత్రమే నీళ్ళ పైన ఉన్నాయి. దాని తర్వాతి దాంట్లో చెల్లెలు లేదు. మధ్యలో ఒక చెయ్యి ఉంది, అయిదు వేళ్ళూ విచ్చుకుని, పెళ్ళి ఉంగరంతో సహా. మరో బొమ్మలో ఆ చెయ్యే, ఇంకొంచెం దగ్గరగా.

ఒక్కటీ చెదరలేదు. గోళ్ళ మీది నీటి చుక్కలు కూడా తేటగా కనిపిస్తున్నాయి.

ఆయన టవలు తెచ్చి ఆమె భుజాల మీద కప్పబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"ఈసారి చెయ్యి వణకలేదు మీకు," అంది.