ప్రార్థన కాని మూట

పొగమంచు గోదావరి మీంచి లేచి గట్టు రోడ్డు మీదికి పాకుతోంది. తమ్ముడు డేనియల్ స్కూటర్ నడుపుతుంటే, వెనక కూర్చున్న తబితకు నేల మీద పోతున్నట్టే లేదు. పట్టిసీమ గుడి నీళ్ళ మధ్య తేలుతూ కనిపించి మళ్ళీ మంచులోకి వెళ్ళిపోయింది.

డేనియల్ కాళ్ళ దగ్గర కొత్త బియ్యం మూట ఉంది. ఈ రోజు లూథరన్ చర్చిలో కోత పండుగ. మూట మీద నీలం ఇంకుతో తబితే తన పేరు రాసుకుంది. పాస్టరుగారు ప్రార్థన చేసేదాకా కానుక మూట విప్పకూడదు. వాళ్ళ అమ్మమ్మ నాటి నుంచీ అంతే.

మంచులోంచి ఒక చెయ్యి అడ్డం వచ్చింది. ఆ తర్వాత మనిషి వచ్చింది, ఖాకీ మీద శాలువా కప్పుకొని. శాలువా సందులోంచి గుండె మీది పేరు పలక కనిపించింది: హెలెన్.

"హెల్మెట్ ఏదయ్యా?"

"దగ్గరేనండి, చర్చికండి."

"దగ్గరేనని తల కూడా ఇంట్లో పెట్టొచ్చావా?"

తబితకు నవ్వొచ్చింది.

"మూటలో ఏంటి?"

"కానుకండి," డేనియల్ గబుక్కున అన్నాడు. "ప్రార్థన కాకుండా విప్పకూడదండి."

"తెలుసులే, మాదీ లూథరన్ చర్చే." హెలెన్ వెళ్ళమనబోతూ ఊరికే మూట మీద చెయ్యేసింది. చెయ్యి దిండులోకి దిగినట్టు దిగింది. "బియ్యం ఇంత మెత్తగా ఉంటాయేంటమ్మా?"

"ఏమోనండి. నిన్న నేనే కొలిచి కట్టాను."

హెలెన్ ఒక్క క్షణం ఆలోచించింది. "ప్రార్థనేగా కావాలి. నువ్వే చెయ్యమ్మా. తర్వాత విప్పుదాం."

తబిత కళ్ళు మూసుకుంది. రెప్పల మీద మంచు చల్లగా వాలింది. వానలిచ్చినందుకు, కంకి నిలబెట్టినందుకు, తమ్ముణ్ణి కాపాడుతున్నందుకు దేవుడికి వందనాలు చెప్పింది. తన మాటలే నది అవతలి ఒడ్డు నుంచి ఎవరో అంటున్నట్టు వినిపించాయి. హెలెన్ "ఆమేన్" అంది. జీపు దగ్గర నిలబడ్డ ఎస్సైగారు కూడా అన్నారు. అన్నం ముందు ప్రార్థన సగంలో ఉండగానే ఆమేన్ అనేసే డేనియల్ మాత్రం అనలేదు.

ముడి విప్పితే గోధుమరంగు టేపు చుట్టిన పొట్లాలు బయటపడ్డాయి. ఘాటైన ఆకు వాసన వచ్చింది.

"గంజాయి," అంది హెలెన్. గొంతు మారిపోయింది. "పేరు నీది. మూట నువ్వే కట్టానన్నావు. ఎవరిదో చెప్పకపోతే నిన్నే తీసుకెళ్ళాలి."

తబిత తమ్ముడి వైపు తిరిగింది.

"నా బియ్యం ఎక్కడ పోశావురా?"

బడి రోజుల్లో వాడు పోగొట్టిన పలకల గురించి అడిగిన గొంతే అది. వాడూ అప్పట్లాగే తడుముకోకుండా చెప్పేశాడు.

"పెరటి గదిలో డ్రమ్ములో అక్కా."

అన్నాక తల దించుకున్నాడు. "అక్కకేం తెలీదండి," అన్నాడు. "అక్కని చర్చి దగ్గర దింపేసి, బస్టాండులో ఒకాయనకి ఇది ఇచ్చేసి, వేరే బియ్యం కొని తెద్దామనుకున్నానండి."

ఎస్సైగారు వాణ్ణి జీపెక్కించారు. ఓ కానిస్టేబులు స్కూటర్ తీసుకున్నాడు. "నువ్వెళ్ళమ్మా, పిలిచినప్పుడు స్టేషనుకి రా," అంది హెలెన్, తబిత ముఖంలోకి చూడకుండా.

జీపు కదులుతుండగా డేనియల్ తల బయటికి పెట్టాడు.

"అక్కా, డ్రమ్ము మీద మూత వెయ్యలేదే! ఎలకలు పడతాయి!"

"వేస్తాలేరా," అంది తబిత.

ఇంటి వైపు నడవడం మొదలుపెట్టింది.