ప్రసవం చేసినవారి పేరు

సంచిలో చీరలు సర్ది, వాటి మీద సర్టిఫికెట్ల కవరు పెట్టింది గ్లోరీ. బస్సులో ఎవరైనా సంచిని తొక్కితే నలిగిపోతాయేమోనని కవరు తీసి చీరల మధ్యకు తోసింది. అక్కడ వానకు తడుస్తాయేమోనని మళ్ళీ తీసింది. సీటు వస్తే ఆ రోజునుంచే నల్లగొండ హాస్టల్లో ఉండాలన్నారు. అందుకే కంచం, గ్లాసు, దుప్పటి కూడా పెట్టుకుంది.

కేతేపల్లి దగ్గరి సబ్ సెంటరులో పదహారేళ్ళుగా ఆమె కాంట్రాక్టు నర్సు. పొట్టి మనిషి. మందునీళ్ళలో కడిగి కడిగి వేళ్ళ చివర్లు ఎప్పుడూ ముడతలు పడి, పాలిపోయి ఉంటాయి. పర్మినెంటు నర్సు సోమమ్మను ఊళ్ళో పెద్ద సిస్టరంటారు, ఈమెను చిన్న సిస్టరంటారు. పదేళ్ళు పైబడి పనిచేసినవాళ్ళకు మూడేళ్ళ స్టాఫ్ నర్సు కోర్సు రెండేళ్ళలోనే చెబుతామని ఈసారి కాగితం వచ్చింది. చేసిన కాన్పులకు రిజిస్టరులో రుజువు చూపాలి, నలభై అయిదు దాటితే మాత్రం తీసుకోరు. చిన్న సిస్టరుకు వచ్చే నెల నలభై అయిదు నిండుతాయి.

సోమమ్మ టిఫిను డబ్బా తెచ్చిచ్చింది. "జొన్నరొట్టె పెట్టిన. బస్సుల తిను. సీటొచ్చినంక మమ్ముల గుర్తుపడ్తవా?"

"ఎందుకు పట్ట సోమక్కా? స్టాఫ్ నర్సునైతే మొదటి సూది నీకే ఏస్త."

"నా నడుము జోలికి మాత్రం రాకు తల్లీ!"

నల్లగొండ ఆఫీసులో పదింటికి వరుసలో నిలబడితే పన్నెండున్నరకు పిలిచారు. గుమాస్తా ఐలేశం ఆమె తెచ్చిన రిజిస్టరు జిరాక్సులు ఒక్కొక్కటే తిప్పాడు.

"ఏంది సిస్టర్, రెండొందల పదకొండు కాన్పులు. ఒక్కదాంట్ల నీ పేరు లేదు. అన్నిట్ల సోమమ్మనే ఉన్నది."

"చేసింది నేనే సార్. రాసింది గూడ నేనే. గా చేతిరాత చూడుండ్రి."

"రాత మంచిగనే ఉన్నది. నీ పేరు గూడ గంత సక్కగ రాసుకోకపోయినవా?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

చేరిన మొదటి వారంలోనే ఆమెకు చెప్పారు, కాంట్రాక్టు మనిషి పేరు పెడితే పైవాళ్ళు అడుగుతారని. 'ప్రసవం చేసినవారి పేరు' అన్న గడిలో ఆమె సోమమ్మ పేరు రాసేది, సోమమ్మ పక్కన సంతకం పెట్టేది. అది తప్పని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. కాన్పయ్యాక చేతులు కడుక్కోవడంలాగే అదీ పనిలో కలిసిపోయింది.

ఈ కాన్పులు చేసింది ఈమేనని నాలుగింటిలోపు సోమమ్మ దగ్గర రాయించుకొస్తే చూస్తానన్నాడు ఐలేశం. గ్లోరీ బయటికొచ్చి మెట్ల మీద నిలబడి ఫోను చేసింది.

"నువ్వు చెయ్యలేదని ఎవలన్నరే?" అంది సోమమ్మ. "గని గట్ల రాసిస్తే ఇన్నేండ్లు దొంగసంతకం పెట్టినట్టు నేనే ఒప్పుకున్నట్టు గాదా? రెండు నెలల్ల దిగిపోతున్న. నా పింఛను ఆపితే నాకు బువ్వ ఎవలు పెడ్తరు బిడ్డా?"

తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఏమని తిట్టాలి? రొట్టె ఇంకా సంచిలోనే ఉంది. గ్లోరీ ఫోను పెట్టేసింది. ఆఫీసు గోడ గడియారంలో నాలుగయ్యేదాకా అక్కడే కూర్చుని, లేచి బస్సెక్కింది.

ఆమె తిరిగొచ్చేసరికి సబ్ సెంటరులో బల్ల మీద, కాన్పుకొచ్చిన మల్లిక నొప్పులు పడుతోంది. అంబులెన్సు నకిరేకల్ దాటలేదట. తల కనబడుతోంది. సోమమ్మ బల్ల పక్కన నిలబడి గుమ్మం వైపే చూస్తోంది. గ్లోరీ సంచి మూలకు విసిరి, ఏప్రను కట్టుకుని, చేతులు కడుక్కుంది.

"అరవకు పిల్లా. అరిస్తే బలమంత నోట్లకెల్లి పోతది. కిందికి ముక్కు."

ఆరున్నరకు ఆడపిల్ల పుట్టింది. సోమమ్మ రిజిస్టరు తెరిచి, కలం అందించింది.

"ఇప్పటిసంది నీ పేరే రాసుకో బిడ్డా."

"ఇప్పుడెందుకక్కా?"

గ్లోరీ తల్లి పేరు రాసింది. టైము, పిల్ల బరువు రాసింది. ఆ గడి దగ్గరకొచ్చి కలం మూత పెట్టేసింది.

తెల్లారి సంచి భుజాన వేసుకుని, "పోతున్న సోమక్కా," అంది. 'పోతున్న' కాదు, 'పోయొస్త' అనాలని సోమమ్మ సరిదిద్దలేదు.

హైదరాబాదులో ఎవరో మంచాన పడ్డ ముసలమ్మను చూసుకునే పనికి కుదిరిందని తర్వాత తెలిసింది. 2019 జూలై తొమ్మిది, మంగళవారం పొద్దున ఏడింటి బస్సుకు వెళ్ళిన గ్లోరీ ఆ ఊరికి మళ్ళీ రాలేదు. మల్లిక కాన్పయ్యాక కడిగి ఆరేసిన రబ్బరు ఏప్రను, వెనక దండెం మీద, రెండు క్లిప్పులకు వేలాడుతూ వారం దాకా ఉండిపోయింది.