మక్లో కొండ మీద మాల్కమ్ చెవి

మా ఆయన మాల్కమ్ ఎవరి కారైనా పరీక్ష చేస్తూ మక్లో కొండ ఎక్కేటప్పుడు, పక్క సీట్లో ఉన్న మనిషి నోరు మెదపకూడదు. ముప్పై ఏళ్ళుగా మా ఇంట్లో ఉన్న రూలు ఇదొక్కటే. పక్క సీట్లో కూర్చునేది నేను. బండిలో బరువు కోసం. "నీ బరువు నాకు బాగా తెలుసు పిల్లా, ఇసక బస్తాల్ని నమ్మలేం" అంటాడు. ఇలాంటి మాటలనే మొగుడితో ఇన్నేళ్ళు కాపురం చేసినందుకు నాకు ఎవరైనా పతకం ఇవ్వాలి.

ఆయన పని పాత మెట్రో కార్లకి బలం పెంచడం. ఎనభైల్లో మా ఊరి పక్కనే తయారైన చిన్న కార్లవి, వెనక తలుపు పైకి లేస్తుంది. అప్పట్లో నర్సులూ ముసలమ్మలూ నడిపేవాళ్ళు. ఇప్పుడు వాటి ఇంజన్ విప్పి, దాని పైమూత హెడ్డు అరగదీసి, పెద్ద కార్బొరేటర్ బిగించి, కొండ రేసులకి తీసుకుపోయే పిచ్చివాళ్ళంతా మా ఇంటి వెనక షెడ్డుకి వస్తారు. మిగతా పనులు వాళ్ళే చేసుకుంటారు. చివరి పని మాత్రం మాల్కమ్‌కి వదిలేస్తారు. టైమింగ్.

ఇంజన్‌లో నిప్పురవ్వ ఎంత ముందు పడితే బండి అంత బలంగా లాగుతుంది. మరీ ముందైతే నాకింగ్ మొదలవుతుంది. రేకు డబ్బాలో ఎండు బఠాణీలు పోసి ఆడించినట్టు సన్నటి చప్పుడు. దాన్ని పట్టించుకోకపోతే పిస్టన్‌కి చిల్లు పడుతుంది. మాల్కమ్ కొండ కింద కారాపి, బానెట్ ఎత్తి, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెప్పే డిస్ట్రిబ్యూటర్ని వెంట్రుకవాసి ముందుకు తిప్పుతాడు. టాప్ గేర్లో కొండెక్కిస్తాడు. మళ్ళీ కిందికొచ్చి మళ్ళీ తిప్పుతాడు. ఆ చప్పుడు మొదటిసారి వినబడగానే కాస్త వెనక్కి తిప్పి బిగించి, దాని మీద పసుపు రంగుతో గీత గీస్తాడు. ఆ గీత పడ్డాక ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. కంప్యూటర్ పెట్టి ఈ పని చేసే కుర్రాళ్ళని "టీవీ చూసేవాళ్ళు" అంటాడు.

ఏప్రిల్‌లో జానిస్ వచ్చింది. సిటీ బస్సు నడుపుతుంది, యాభై నాలుగేళ్ళుంటాయి. నాలుగు చలికాలాలు కూర్చుని తన మెట్రోని తనే కట్టుకుంది. ఆ ఆదివారం కార్ల క్లబ్బువాళ్ళ కొండ రేసు. ఆమెకి అదే మొదటి రేసు.

"నీ గీత పడందే నేను అక్కడికి పోను మాల్కమ్" అంది. ఆయన ఉబ్బిపోయాడు, చెప్పొద్దూ.

గురువారం పొద్దున మక్లో కొండకి పోయాం. రెండుసార్లు ఎక్కాం, శుభ్రంగా లాగింది. మూడోసారి నాకు బఠాణీల చప్పుడు వినబడింది. సన్నగానే, కానీ అదే. ఇక వెనక్కి తిప్పుతాడులే అనుకున్నా. కిందికొచ్చాడు, బానెట్ ఎత్తాడు, ఇంకా ముందుకే తిప్పాడు.

నాలుగోసారి ఆ చప్పుడు గోళీలంత అయింది. నేను ఆయన మొహంకేసి చూశాను. గడ్డం పైకెత్తి, కనుబొమలు ముడిచి, ఎంతో శ్రద్ధగా వింటున్నాడు. అంత శ్రద్ధగా వింటూ కూడా యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతూనే ఉన్నాడు.

రూలు తప్పాను. "మాల్కమ్, నాకింగ్ వస్తోంది."

"రాలేదు."

"వస్తోంది. నాకు వినబడుతోంది."

"అది వాల్వుల చప్పుడు. చర్చిలో ముందు బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన పాస్టరైపోతావా పిల్లా?"

నాకు ఒళ్ళు మండింది. సరే నీ ఖర్మ అనుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా. ఖర్మ ఆయనది కాదు, జానిస్‌ది. ఆ సంగతి నాకప్పుడూ తెలుసు. అయినా మూతి ముడుచుకునే కూర్చున్నా. నా బుద్ధే అంత.

అయిదోసారి ఎక్కి, బాగుందని తల ఊపి, పసుపు గీత గీశాడు.

ఇంటికొచ్చాక ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. శీతాకాలంలో ఇద్దరు కుర్రాళ్ళు పిస్టన్లు పోయాయని వెనక్కొచ్చారు. ఈ కాలం పెట్రోల్లో ఏం కలుపుతున్నారో అన్నాడు మాల్కమ్. నేనూ నమ్మాను. కెటిల్ ఈలేస్తుంటే పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. బద్ధకమని నోటికొచ్చినట్టు తిట్టాను.

శనివారం ఉండబట్టలేక జానిస్‌కి ఫోన్ చేశాను. ఆయన చెవి సంగతి చెప్తే ఊరంతా తెలిసిపోతుంది, ఆ షెడ్డు తలుపు మళ్ళీ ఎవరూ తట్టరు. అందుకని, "రేపు వేడిగా ఉంటుందట. టైమింగ్ కాస్త వెనక్కి తిప్పుకోరాదూ?" అన్నాను.

జానిస్ పగలబడి నవ్వింది. "పసుపు గీత దాటమంటావా ఏవ్రిల్? మీ ఆయన నా చెయ్యి విరిచేస్తాడు."

ఆయనకి చెవి సరిగ్గా వినబడట్లేదని ఇంకొక్క మాట చెప్తే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. షెడ్డులో ఆయన ఈల పాట వినబడుతోంది. "సరేలే, జాగ్రత్త" అని పెట్టేశాను.

ఆదివారం జానిస్ కారు రెండో మలుపు దాకా ఉరికింది. అక్కడ తెల్లటి పొగ లేచింది. ట్రాక్టరుతో కిందికి లాక్కొచ్చారు. జానిస్ హెల్మెట్ తీసి బానెట్ మీద పెట్టింది. మాల్కమ్‌ని ఒక్క మాట అనలేదు. పైగా ఆయన భుజం తట్టి, "పెట్రోలే అయ్యుంటుంది" అంది. తిట్టినా బాగుండేది. నేను పోయి కారు వెనక నిలబడ్డాను, ఆమె మొహం చూడలేక.

మంగళవారం షెడ్డులో ఇంజన్ విప్పాడు. పిస్టన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, నా టీ కప్పు పక్కన పెట్టాడు. మధ్యలో వేలు పట్టేంత చిల్లు.

"నీకు ఎన్నోసారికి వినబడింది?" అన్నాడు.

"మూడోసారికి."

పిస్టన్ని బోర్లించి పెట్టాడు. తర్వాత కోటు వేసుకున్నాడు. "రా, మన కారు తీస్తా. నువ్వు విను, నేను తిప్పుతా" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత సుళువా అనుకున్నా. ముప్పై ఏళ్ళు విన్న చప్పుడేగా, ఆ మాత్రం చెప్పలేనా.

మక్లో కొండ రెండోసారి ఎక్కుతుండగా ఆ చప్పుడు వచ్చింది. "అదిగో, వచ్చింది" అన్నాను.

"ఎలా వచ్చింది? పొడిగానా, మోతగానా? ఒక్క సిలిండర్లోనా, అన్నింట్లోనా? కాలు తీస్తే ఆగిందా, కాస్త సాగిందా?"

"వచ్చింది మాల్కమ్, అంతే."

"అంతే అంటే నేనెంత తిప్పాలి?"

నాకు తెలీదు. ఉందో లేదో చెప్పగలను. అంతకుమించి నాకు ఒక్క ముక్క రాదు. ఆయన ఆ చప్పుడులోంచే అన్నీ తెలుసుకునేవాడు. అదెలా తెలుసుకునేవాడో ఇన్నేళ్ళలో నేనొక్కసారి అడిగిన పాపాన పోలేదు.

కొండ మీద బస్ స్టాప్ దాటాక కారు పక్కకి తీసి ఇంజన్ ఆపేశాడు. బయట బండ్లేమీ లేవు.

"నీకు వినబడింది ఎలా ఉందో నాకు చేసి చూపించు" అన్నాడు. బాగా వినడానికని కళ్ళు మూసుకుని, తల నా వైపు వంచాడు.

నేను గోటితో ముందద్దం మీద కొట్టాను. విన్నది విన్నట్టే, సన్నగా, వడివడిగా. ఇంతకన్నా బాగా ఎవరూ చేయలేరు.

ఆయన కళ్ళు తెరవలేదు. తల ఇంకాస్త నా వైపు వంచాడు.

"ఊఁ, చేసి చూపించు మరి" అన్నాడు.

నేను కొడుతూనే ఉన్నాను.