అడ్మిన్ అంటే ఎవరు?

రూబీని ఉద్యోగంలోంచి తీసేసే మెమో మీద నా సంతకం కావాలన్నారు. సాలూరు రోడ్డులోని మా ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ బాధ్యత నాది. రూబీ నా కింద కాంట్రాక్టు మీద పనిచేస్తోంది.

సోమవారం ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో హాలుకు నెట్ ఆగిపోయింది. ఎవరో గదులకు నెట్ పంచే స్విచ్‌లోకి లాగిన్ అయి ఆ హాలు పోర్టులు మూసేశారు. ఎవరు లోపలికి వచ్చారో నమోదయ్యే లాగ్‌లో ఉన్న పేరు ఒక్కటే, అడ్మిన్.

"అడ్మిన్ అంటే రూబీయే కదా మాస్టారూ, సంతకం పెట్టీండి," అన్నారు కాలేజీ ఆఫీసు నడిపే ఏఓ నరసింగరావు గారు.

"అడ్మిన్ అంటే ఎనిమిది మందండీ, మీతో కలిపి."

రెండేళ్ల కిందట ఎవరి పేరుతో వాళ్లకు లాగిన్ ఇచ్చాను. పది నిమిషాలు వాడకపోతే అదే మూసుకుపోయేలా పెట్టాను. హాస్టల్ వైఫై ఆపడానికి ఏఓ గారికీ ఒకటి ఇచ్చాను. ఆయనకు ఒళ్లు మండింది. "నా కాలేజీలో ఆ డబ్బా నన్నే మాటిమాటికీ నువ్వెవడివని అడుగుతాదేటి? తీసీండి," అన్నారు. అందరికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టించారు. ఆ పది నిమిషాల గడువూ తీయించారు. అప్పుడు నా భార్య షాలిని ఆఖరి రోజుల్లో ఉంది. వాదించే ఓపిక లేక చెప్పినట్టే చేశాను.

ఆ స్విచ్‌లోకి దూరం నుంచి ఒకేసారి అయిదుగురే వెళ్లగలరు. సోమవారం ఆ అయిదు చోట్లూ ఎవరెవరో తెరిచి వదిలేసినవే. "ఖాళీ లేదంతంది మాస్టారూ," అంటూ రూబీ ల్యాప్‌టాప్, కేబుల్ పట్టుకుని మూడంతస్తులు పరుగున ఎక్కింది. స్విచ్‌కే నేరుగా తగిలించి పోర్టులు తెరిచింది. పరీక్ష కాపాడిన పిల్లకు మెమో.

లాగ్ కాగితం ఏఓ గారి ముందు పెట్టాను. "పేరు ఒకటే అయినా, ఏ కంప్యూటర్ నుంచి వచ్చారో ఇందులో ఉంటుందండి. ఇది మీ బల్ల మీదదే."

"నాను హాస్టల్ వైఫై కట్టీసేను, అంతే."

"హాస్టల్ పోర్టులు ఇరవై నుంచి. మీరు మూసినవి పది నుంచి, పరీక్ష హాలువి."

ఆయన కాగితం పక్కకు నెట్టారు. "సరే. కాంట్రాక్టు పిల్ల, ఇంకోసోట సూసుకుంటాది. నా పేరు రాస్తే బాగుంటాదేటి?"

మెమోలో రూబీ పేరు కొట్టేసి, 'పోర్టులు మూసింది ఏఓ గారు, అందరికీ ఒకే లాగిన్ పెట్టింది నేను' అని రాసి సంతకం చేశాను. రూబీని తీసేస్తే దీని నకలు యూనివర్సిటీకి నేనే పట్టుకెళ్తానని చెప్పాను. ఆయన నా వైపు చూడకుండా మెమో చించి బుట్టలో వేశారు.

బయట బెంచీ మీద రూబీ ఉంది. అటెండరు తవిటమ్మ తనకోసం తెచ్చుకున్న టీ ఆమె చేతిలో పెట్టి, ఆ పక్కనే కూర్చుంది. ఈ కాలేజీలో ఆ పూట ఆ పిల్లకు దొరికిన మర్యాద అదొక్కటే.

"ఉద్యోగం ఉందమ్మా. మెమో చించేశారు," అన్నాను.

"సారు ఏటన్నారు?"

"ఏమీ అనలేదు."

"'తప్పు నాది' అన్న మాటకి నోరు తిరగదులే ఆ బాబుకి," అంది తవిటమ్మ.

రూబీ గ్లాసు కింద పెట్టింది. "సించితే సాలదు మాస్టారూ. నాను తప్పు సేసేనని కాలేజీ అంతా సెప్పేరు. సేయలేదని కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి పెట్టమనండి."

నిజమే, నాకది తట్టలేదు. మళ్లీ ఆ గది తలుపు తోశాను. ఈసారి నాకంటే ముందు రూబీ లోపలికి వెళ్లింది.